బూడిదైన ఆఖరి పేజీ

సెలవులొస్తే మా మేనకోడలి ఇంట్లో రెండే పనులు. పొద్దున పుస్తకాలు, మధ్యాహ్నం సినిమాలు. ఆ రోజు పిల్లా పెద్దా అందరూ మ్యాట్నీకి పోయారు. మా బావని మాత్రం తీసుకుపోలేదు. ఆయన ఒకసారి చూసిన సినిమాకి మళ్ళీ వెళ్ళి, ఇంటర్వెల్లో వెనక వరసకి కూడా వినబడేలా ముగింపు చెప్పేసే రకం. అందుకే ఇంటిల్లిపాదీ ఆయనకి క్లైమాక్స్ అని పేరు పెట్టారు. కన్నకూతురు కూడా చాటుగా అలాగే అంటుంది.

అందరూ నవ్వుతారు. నేను నవ్వను. ఆయన నా చెల్లెలి మొగుడు.

నా చెల్లెలికి నవలలంటే ప్రాణం. మంచం పట్టాక అద్దె పుస్తకాల షాపు నుంచి తెప్పించుకుని చదివేది. ఈయన ప్రతి పుస్తకంలోనూ ఆఖరి కాగితాన్ని బ్లేడుతో కోసి జేబులో పెట్టుకునేవాడు. బతిమాలితే ఇచ్చేవాడు. ఎంతసేపు బతిమాలాలో ఆయన ఇష్టం. చివరి పుస్తకానికి అది బతిమాలలేదు. చెయ్యి చాపి ఊరుకుంది. దాంతో ఆయనకి రోషమొచ్చింది. దాని కళ్ళెదుటే అగ్గిపుల్ల గీసి కాగితం కాల్చేశాడు. నేను గదిలోకి వచ్చేసరికి కమురు వాసన. దాని చెయ్యి ఇంకా చాచే ఉంది. ఆ కథలో పడవవాణ్ణి ఎవరు చంపారో తెలియకుండానే ఆ సాయంత్రం కళ్ళు మూసింది.

అప్పటిదాకా అక్షరం ముక్క రాని నేను, తర్వాత రాత్రి బడిలో చేరాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అన్నారు. పట్టు పడితే వదిలే మనిషిని కాను. అదే నవల, అన్ని పేజీలూ ఉన్నది, పాత పుస్తకాల బండి మీద వెతికి పట్టుకున్నాను. ఆ సెలవుల్లో, అదే ఇంట్లో నా చెల్లెలు పోయిన గదిలో, దాని మంచం పక్కన కూర్చుని, మా బావని ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, రోజూ కాస్త పైకి చదువుతూ వచ్చాను. లేచిపోతే బ్లేడు సంగతి కూతురికి చెబుతానన్నాను. కిక్కురుమనకుండా కూర్చున్నాడు. నా చెల్లెలు ముగింపు వినాలి. అది ఆయన ముందే వినాలి. నాకు కావలసింది అంతే.

వాళ్ళు మ్యాట్నీకి పోయిన ఆ మధ్యాహ్నం, ఆఖరి పేజీకి వచ్చేసరికి బయట మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. కిటికీ దగ్గరికి జరిగాను. గదిలో మందుల వాసన తగిలింది. ఆ గదిలో మందుసీసా అన్నది లేక ఏళ్ళయింది. కాసేపటికి ఆ వాసన మారింది. కమురు.

నా చదువు నత్తనడక. అక్షరం అక్షరం కూడబలుక్కుంటాను. వాక్యం పూర్తయ్యాక గాని అర్థం బుర్రకెక్కదు. ఒక వత్తు దగ్గర ఆగిపోయాను. భుజం వెనక నుంచి ఎవరో మెల్లగా అందించారు. పలికి ముందుకెళ్ళాను. ఆ తర్వాత తట్టింది... మా బావ నా ఎదురుగా ఉన్నాడు.

"బావా, ఇక చాలు," అన్నాడు.

"ఇంకా ఉంది."

"ఆ పేజీ నేను చదివాను. అందులో ఇది లేదు."

ఏది లేదో నాకు అప్పుడు గాని తెలియలేదు. నా నోటితో నేను చదివిందే మళ్ళీ గుర్తు చేసుకున్నాను. కుర్చీలో ముసలాడు చెమటలు కక్కుతున్నాడు. అతని జేబులో ఏదో కాలుతోంది... అని చదివాను.

తలెత్తాను. మా బావ చొక్కా జేబుని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి సన్నగా పొగ.

"ఆపు బావా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆపొచ్చు. పుస్తకం మూస్తే సరిపోయేది. కానీ వాక్యం మొదలుపెడితే చుక్క దాకా ఆగొద్దని రాత్రి బడి మాస్టారు నేర్పారు. అది కూడా సాకే. నాకు ఆపాలని లేదు.

వేలు పెట్టి చదివాను. అ...త...ను... లే...చా...డు. ఆయన లేచాడు. త...లు...పు... దొ...ర...క...లే...దు. ఆయన గోడ తడుముతున్నాడు. తలుపు ఉన్నచోటే తడుముతున్నాడు. నాకు కనబడుతోంది. ఆయనకి కనబడటం లేదు.

మంచం కిర్రుమంది. మడత పెట్టిన దుప్పటి మెల్లగా విచ్చుకుంది...

ఆ...మె... చె...య్యి... చా...పిం...ది.

ఆపై చదవలేకపోయాను. చీకటి. ఈసారి వెనక నుంచి ఎవరూ అందించలేదు. ఎదురుగా ఒక మగ గొంతు బతిమాలుతోంది... చాలాసేపు.

సినిమా నుంచి వచ్చిన మేనకోడలు టార్చి వేసింది. వాళ్ళ నాన్న గది మూలన ముడుచుకుని ఉన్నాడు. ఒంటి మీద గీరు కూడా లేదు. ఏమైంది నాన్నా అంటే "నేను గదిలో..." అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే తెగిపోయింది. నాలుకలో ఏ లోపమూ లేదని డాక్టరు తేల్చాడు. అయినా ఆయన ఏ మాటా ముగించలేడు. మంచినీళ్ళడిగినా సగమే. మేనకోడలు ఆ ఆఖరి పేజీ చదివి చూసింది. పడవవాణ్ణి సొంత తమ్ముడే చంపాడట. నువ్వు చెప్పిన కుర్చీ ఊసే లేదు మావయ్యా అంది.

నాకు జాలి కలగలేదు. నా చెల్లెలి కసి తీరింది, నా కసీ తీరింది అనుకున్నాను.

కానీ ఈ మధ్య నేను గుమ్మంలో అడుగుపెడితే ఆయన నా ముఖం చూడడు. నా భుజం మీదుగా చూస్తాడు. గోడకి అతుక్కుపోతాడు. ప్రతిసారీ అదే మాట, గుసగుసగా.

"బావా... నీ వెనక మీ చెల్లెలితో పాటు..."