ఊఁ కొట్టే మేడ

అది డిసెంబరు నెలలో ఒక గురువారం. రాత్రి పదకొండుకి ఇంకా పది నిమిషాలున్నాయి. ఆ వేళ మా పెద్దమ్మ లాడ్జి మేడ మెట్ల కింద నిలబడి ఉంది — ఒంటరిగా, చెప్పులు చేత్తో పట్టుకుని.

ఆ మేడకున్న పేరు తెలిసినవాళ్ళెవరూ పగలు కూడా ఆ గుమ్మం నీడన నిలబడేవారు కాదు. పూర్వం అక్కడ లాడ్జి నడిచేది. రెండో అంతస్తు చివరి గదిలో ఒక ఆడమనిషిని దింపి, సాయంత్రానికి వస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదట. ఆమె తలుపు తెరుచుకుని ఎదురుచూసి, ఎదురుచూసి... ఆ గదిలోనే పోయిందట. అప్పటినుంచి చీకటి పడ్డాక అటుగా ఎవరైనా మాట్లాడుకుంటూ పోతే పైనుంచి ఒక గొంతు "ఊఁ..." అంటుందని చెప్పుకునేవారు. కథ వింటున్నవాళ్ళు ఊఁ కొట్టినట్టు. అది విని ఇంకో మాట చెప్పామా — చిక్కామన్నమాటే. మెట్లెక్కినవాడికి ఇక ఇంటి ధ్యాస ఉండదట.

ఆ మేడ మా పెదనాన్నది.

ఆయన దర్జీ. మిషను తొక్కితే మోకాలు గోడకి తగిలేంత ఇరుకు కొట్టులో బట్టలు కుట్టేవాడు. కాపురం ఆ కొట్టు వెనక గదిలోనే. పిల్లల్లేని మేనమామ పోతూ పోతూ ఆ పాడుబడ్డ మేడని ఈయన పేర రాసిపోయేసరికి రెక్కలొచ్చినట్టయింది. కింద కుట్టుపని హాలు, పైన కాపురం. బాగుచేసుకోవడానికి మున్సిపల్ ఆఫీసు అనుమతి ఒక్కటే కావాలి.

అక్కడే ఆగిపోయింది. ఆ ఆఫీసరు ఊఁ అనడు, ఊహూఁ అనడు. ఒకసారి గోడలు బలంగా లేవని కొర్రీ, ఇంకోసారి మెట్లు ఇరుకని కొర్రీ. చెయ్యి తడిపితే ఫైలు ఒక బల్ల దాటేది, పక్క బల్లకి దాహం వేసేది. ఆయన బదిలీ అయిపోతే కొత్తాయనతో మళ్ళీ మొదటినుంచీ. అసలు సంగతి వీధంతటికీ తెలుసు — ఆ వీధిలో ఖాళీగా పడున్న మేడలన్నీ కౌన్సిలరు గారి బావమరిదికి కావాలి. వానకి నాని, కప్పు కారి, యజమాని విసిగిపోయి వచ్చినకాడికి అమ్ముకునేదాకా అనుమతి రాదు. అమ్మాక మాత్రం వారం తిరక్కుండా వస్తుంది. కొట్టుకి ఎదురుగా ఉన్న పాత గిడ్డంగి అలాగే చేతులు మారి, అద్దాల తలుపులతో మెరిసిపోతుంటే, పెదనాన్న దాన్నే చూస్తూ కత్తెర ఆడించేవాడు.

"కత్తిరిస్తున్నది బట్టేనా, వాడి మెడా?" అని పెద్దమ్మ ఎత్తిపొడిచేది.

మొదట్లో రాత్రి దీపం ఆర్పాక ఆయన మేడ సంగతులు చెప్పేవాడు. ఎక్కడ కిటికీ పెద్దది చేయిస్తాడో, ఎక్కడ నిలువుటద్దం పెడతాడో. పెద్దమ్మ చీకట్లో ఊఁ కొట్టేది. ఏళ్ళు గడిచాయి. ఒంటి మీది బంగారం కూడా ఆ బల్లల మీదుగానే వెళ్ళిపోయింది. ఒక రాత్రి ఆవిడ అటు తిరిగి పడుకుని, "ఇంక ఆ మేడ ఊసెత్తకండి. నేను వినలేను," అంది.

ఆయన మళ్ళీ ఎత్తలేదు. కానీ రాత్రిళ్ళు బయటికి వెళ్ళడం మొదలుపెట్టాడు.

మేడకి కాపలా అన్నాడు. కాపలాకి వెళ్ళేవాడు గడ్డం గీసుకుంటాడా... వాసన సబ్బుతో స్నానం, పెళ్ళిళ్ళకి దాచుకునే ఇస్త్రీ చొక్కా. తిరిగొచ్చేటప్పుడు పెదవుల మీద ఏదో కూనిరాగం. పెళ్ళయిన కొత్తలో తప్ప పెద్దమ్మ ఆ రాగం వినలేదు. పక్క వాటాలో ఉండే ఆడపడుచు ఊరుకుంటుందా? "ఎవరికోసం వదినా అన్నయ్య సింగారం? ఆ చివరి గది ఆవిడకేనా?" అని నవ్వింది.

పెద్దమ్మ నవ్వలేదు. ఆ సాయంత్రం దేవుడి ముందు కూర్చుంటే నామం నోట్లోనే ఉంది గానీ, మనసు ఆ మేడ మెట్లెక్కుతోందట. "ప్రాణమున్న సవతైతే జుట్టు పట్టుకుని ఈడ్చేదాన్ని. దీనికి జుట్టెక్కడ దొరుకుతుందే తల్లీ?" అని ఎన్నో ఏళ్ళ తర్వాత నాతో చెబుతున్నప్పుడు కూడా ఆవిడ కళ్ళల్లో ఆ మంట చూశాను.

అలా ఆ గురువారం ఆయన వెనకే వెళ్ళింది.

మెట్ల నిండా దుమ్ము. అరికాళ్ళకి చల్లగా తగులుతోంది. మొదటి మలుపు దాటేసరికి పైన గోడ మీద కొవ్వొత్తి వెలుగు. ఆ తర్వాత... ఆయన గొంతు. మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు.

"ఇక్కడ గోడ తీయించేస్తాను. పొద్దున్నే ఎండ నేరుగా నీ పొయ్యి దగ్గరికొస్తుంది..."

"ఊఁ..."

ఆడగొంతు.

పెద్దమ్మ చెయ్యి గోడకి అతుక్కుపోయింది. పావురమేమో అనుకుంది. గాలేమో అనుకుంది.

"ఈ మూల నీకో మంచం వేయిస్తాను. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చుకుందువు."

"ఊఁ..."

పావురం మాట పూర్తయ్యేదాకా ఆగదు. ఇది ఆగింది. ఆగి, విని — ఇష్టంగా అంది.

అప్పుడు ఆవిడకి భయం పోయిందట. భయం ఉండాల్సిన చోటంతా ఇంకోటి నిండిపోయింది. తన పొయ్యి. తన ఎండ. తన బంగారం తగలేసుకున్న ఇల్లు... ఇంకొకతెకి చూపిస్తున్నాడు. చెప్పులు అక్కడే పడేసి, మిగతా మెట్లు పరుగున ఎక్కింది.

పెదనాన్న ఒక్కడే ఉన్నాడు. చేతిలో కొవ్వొత్తి. చుట్టూ ఎవరూ లేరు. వసారా కొసన చివరి గది తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది — లోపలంతా చీకటి.

ఆవిణ్ణి చూసి ఆయన ఉలిక్కిపడలేదు. నవ్వాడు.

"ఇవాళ్టికి ఎదురుగా వచ్చావా?" అన్నాడు.

ఆయనే చెప్పుకుపోయాడు, కొత్తపెళ్ళికొడుకులా తలవంచుకుని. మొదటి రాత్రి దుఃఖం ఆపుకోలేక గోడలతో మాట్లాడుకుంటుంటే, ఆ చీకట్లోంచి ఊఁ వినిపించిందట. వినలేనన్న మనిషే పంతం చంపుకుని వచ్చి కూర్చుందని అర్థమైందట. వెలుగు చూపిస్తే సిగ్గుపడి రావడం మానేస్తుందేమోనని ఒక్కనాడూ కొవ్వొత్తి అటు తిప్పలేదట. ఆవిడకోసమే ఆ గడ్డం గీసుకోవడం, ఆవిడకోసమే ఆ చొక్కా. రోజూ తనకంటే ముందే ఇల్లు చేరి నిద్ర నటిస్తోందనుకుని, దుప్పటి కప్పుతూ నవ్వుకునేవాడట.

"నువ్వే కదా?" అన్నాడు చివరికి.

పెద్దమ్మ జన్మలో అబద్ధమాడి ఎరగదు. కాదంటే సరిపోయేది. కానీ ఇన్నాళ్ళ ఊఁలనీ ఇంకొకతె పేర వదిలేయడం ఆవిడ వల్ల కాలేదు. ఆ మాటని దేవుడు ఏ పద్దులో వేసుకున్నాడో నాకు తెలియదు. చివరి గది వైపు సూటిగా చూస్తూ —

"నేనే," అంది. "ఇంకెవరుంటారు?"

కొవ్వొత్తి వణికింది.

"ఊఁ..."

పెదనాన్న చూపు పెద్దమ్మ పెదవుల మీదే ఉంది. అవి కదల్లేదు.

ఈసారి ఆ గొంతులో ఇష్టం లేదు.

ఇద్దరూ ఇల్లెలా చేరారో వాళ్ళకే గుర్తులేదు. మర్నాడు తెల్లవారకముందే పెద్దమ్మ లేచి బండి మాట్లాడింది. మిషను, పొయ్యి, గిన్నెలు, దేవుడి పటం — అన్నీ ఎక్కించింది. ఆడపడుచు గుండెలు బాదుకుంది. పెదనాన్న బండి చక్రం పట్టుకుని, "ఆ మేడలో దానితో కాపురమా?" అన్నాడు.

"మీరొక్కరే వెళ్తే దానితో కాపురం. నేను కూడా ఉంటే నాతో," అంది పెద్దమ్మ.

పొద్దెక్కేసరికి సంగతి ఆఫీసుకి చేరింది. ఒక గుమాస్తా వచ్చి, అనుమతి లేకుండా ఎలా దిగారని మెట్ల కింద నిలబడి కేకలేశాడు. పెద్దమ్మ చీపురు చేత్తో పట్టుకుని రెండో అంతస్తు పిట్టగోడ దగ్గరికొచ్చింది. గొంతు పెంచలేదు.

"ఖాళీగా వదిలేస్తే ఎవరు దిగుతారో మీకు తెలియదు నాయనా. నాకు తెలిసింది. పైకొచ్చి అడగండి."

గుమాస్తా ఒకసారి మెట్లవైపు చూశాడు. ఎక్కలేదు.

ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళి, ఊడ్చడం పూర్తిచేసి, ఇద్దరి పరుపూ చంకన పెట్టుకుని వసారా పొడవునా నడిచింది. తీసుకెళ్ళి ఆ చివరి గదిలో పరిచింది.