నా చోటికి ఎవరైనా రండి

ఆ ఉదయం వెర్లీన్ టాలివర్ వంటింట్లోకి వచ్చేసరికి తలుపు పక్కన మేకుకి తాళంచెవి లేదు. గిలాదు చర్చి నేలమాళిగ తాళంచెవి అది. కూతురు జోనెట్టా రోజూలాగే చీకటితోనే పట్టుకెళ్ళిపోయింది. ఆ తాళంచెవి ఇవాళ తిరిగి తీసేసుకుంటానని నిన్న సాయంత్రం రెవరెండ్ గ్రిగ్స్‌బీకి మాటిచ్చిన దగ్గర్నుంచీ వెర్లీన్‌కి కాలు ఒకచోట నిలవడం లేదు. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచింది. చల్లారిపోయిన కాఫీ మళ్ళీ వేడి చేసి, తాగడం మరిచిపోయింది. కిటికీ కింద గదిని వెచ్చగా ఉంచే ఆవిరి గొట్టం మీద ఆరేసిన తెల్ల చేతితొడుగుల్ని తీసి, వేలువేలుకీ ముడతలు సాగదీసి మడిచి, మళ్ళీ విప్పింది.

హోజియా బల్ల దగ్గర కూర్చుని చేతులకు వాసెలిన్ రాసుకుంటున్నాడు. తోళ్ళ కార్ఖానాలో రాత్రి పని నుంచి ఇప్పుడే వచ్చాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ మందునీళ్ళ వాసన చేతుల్ని వదలదు.

"ఇంకెంతసేపు దులుపుతావు వాటిని? ఇవాళ ఆదివారం కూడా కాదు" అన్నాడు.

"చేతికి పనుండాలిగా."

"పిల్లతో మెల్లగా మాట్లాడు, వెర్లీన్. నువ్వు గట్టిగా అంటే అది ఇంకా గట్టిగా అంటుంది. నీ నోట్లోంచి ఊడిపడ్డదేగా."

ఆమె తొడుగుల్ని మళ్ళీ మడిచింది. రెవరెండ్ చెప్పిన మాటలే చెవుల్లో తిరుగుతున్నాయి. ఇద్దరు పోలీసు అధికారులు ఆయన్ని పిలిపించుకుని, నేలమాళిగలో తుపాకులు దాస్తున్నారని మాకు తెలుసు అన్నారట. ఆ వంట ఆపకపోతే పొయ్యిలు సరిగా లేవన్న నెపం మీద చర్చికే తాళం వేయిస్తామన్నారట. అక్కడ ఉన్నవి మొక్కజొన్న రవ్వ బస్తాలూ గుడ్లూ అని ఆయనకీ తెలుసు. కానీ భయం భయమే. చర్చి తలుపుల బాధ్యత చూసేది వెర్లీన్ కాబట్టి, తాళంచెవి వెనక్కి తీసుకునే పని ఆమె నెత్తినే పడింది.

జోనెట్టా టైపు ఉద్యోగం మానేసి నల్లవాళ్ళ విముక్తి సంఘంలో చేరి ఏడాది కావస్తోంది. మొన్న వేసవిలో పోలీసులు ఒక కుర్రాణ్ణి నడివీధిలో పడేసి తంతుంటే, అడుగు దూరంలో నిలబడి చట్టం పుస్తకం బిగ్గరగా చదివింది ఆ సంఘం వాళ్ళే. ఖాళీ కడుపుతో బడికెళ్ళే పేట పిల్లలకు చర్చి నేలమాళిగలో పొద్దున్నే వండి పెడుతున్నదీ వాళ్ళే. అందులో తప్పు పట్టడానికేముందని హోజియా అంటాడు. వెర్లీన్ కూడా తప్పు పట్టడం లేదు. ఆమెకు కళ్ళు మూసుకుంటే తమ్ముడు లియాండర్ కనిపిస్తాడు, అంతే.

ఈ ఉత్తరాది ఊరికి రాకముందు, దక్షిణాన మిసిసిపీలో ఉన్నప్పటి సంగతి. పత్తి మిల్లు దగ్గర పోలీసు బండి ఆగితే లియాండర్ ఏ తప్పూ చేయకుండానే పరుగెత్తాడు. పరుగెత్తాడు కాబట్టి కాల్చి చంపామన్నారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ పరుగెత్తకూడదు. బస్సు వెళ్ళిపోతున్నా సరే. చిన్నప్పుడు జోనెట్టా వీధిలో పరుగెడితే వెర్లీన్ కేకలేసేది కాదు, చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకెళ్ళి మొదటినుంచీ నడిపించేది.

బూట్ల కోసం వంగితే అవి వెచ్చగా తగిలాయి. హోజియా వాటిని పొయ్యి దగ్గర పెట్టి ఉంచాడు. ఆమె ఆయన భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి, తొడుగులు కోటు జేబులో కుక్కుకుని బయటపడింది.

చర్చి మూల మీద నల్లకారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. లోపలి మనుషుల ఊపిరికి అద్దాలు మసకబారాయి. అలవాటు కొద్దీ ఆమె "గుడ్ మార్నింగ్" అంది. జవాబు రాలేదు.

నేలమాళిగ మెట్లు దిగుతుంటేనే రవ్వజావ వాసన, వెన్న వాసన ఎదురొచ్చాయి. పొడవాటి బల్లల ముందు పిల్లలు బొచ్చెలు గీకుతున్నారు. సంఘం కుర్రాడు రోలిన్స్ తలమీద నల్లటోపీ పెట్టుకుని, నడుముకు పూల ఏప్రనూ కట్టుకుని గుడ్లు వేయిస్తున్నాడు. "సిస్టర్ టాలివర్, గుడ్డు మాడిస్తే ఈ పిల్లలు నామీదే విప్లవం చేస్తున్నారండీ" అన్నాడు. ఆమెకు నవ్వు రాబోయి ఆగిపోయింది.

జోనెట్టా మెడలో వేలాడుతున్న ఈల నోట్లో పెట్టుకుని ఊదింది. పిల్లలంతా చెంచాలు వదిలేసి, ఒకరినొకరు తోసుకుంటూ, కిలకిలా నవ్వుతూ వెనక తలుపు వైపు పరుగు తీశారు. తలుపు తెరుచుకుని వెనక సందులోకి గుంపుగా పడ్డారు. "ఇవాళ బాగా చేశారు, మళ్ళీ లోపలికి రండి" అని జోనెట్టా చప్పట్లు కొట్టింది.

వెర్లీన్ బల్లలు దాటుకుని వచ్చింది. కూతురి మోచెయ్యి పట్టుకుని కోట్లు తగిలించే చిన్నగదిలోకి లాక్కెళ్ళింది.

"ఏంటది?"

"పోలీసులొస్తే బయటపడాలిగా. నేర్పుతున్నాం."

"పరుగెత్తడం నేర్పుతున్నావా? నా కూతురివై ఉండి?"

"అమ్మా, మళ్ళీ మావయ్య కథ మొదలుపెట్టకు. ఇది మిసిసిపీ కాదు."

"మరి మూలమీద ఆ కారెందుకు? వాళ్ళేమన్నా నీ జావ తాగడానికొచ్చారా?" వెర్లీన్ అరచేయి చాచింది. "తాళంచెవి ఇటివ్వు. రెవరెండ్‌కి మాటిచ్చాను. ఇవాళ్టితో ఆపేద్దాం."

జోనెట్టా మొహం బిగుసుకుంది. తల్లి జేబులోంచి తొంగిచూస్తున్న తెల్ల వేళ్ళకేసి చూసింది.

"నాకు తెలుసు ఇదెక్కడిదో. జీవితమంతా తెల్ల తొడుగులేసుకుని ఎవరో ఒకరికి తలుపు తియ్యడమే కదా నీ పని. వాళ్ళు కళ్ళెర్రజేస్తే పిల్లల నోటిముందు కూడు కూడా తీసేస్తావు. ఆ తొడుగులు బట్లర్లు వేసుకుంటారమ్మా."

ఆ మాట వెర్లీన్‌కి తగలాల్సిన చోటే తగిలింది. గిలాదు చర్చిలో ద్వారసేవకుల పెద్ద ఆమె. వారమంతా తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పనిచేస్తూ, మర్యాద లేకుండా పేరు పెట్టి పిలిపించుకునే ఆడవాళ్ళు, ఆదివారం తెల్ల తొడుగులు వేసుకుని నిలబడితే ఆ తలుపు వాళ్ళది. ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో వాళ్ళే చెబుతారు, అదీ నోరు విప్పకుండా. ఎడమ చెయ్యి నడుము వెనక మడిస్తే నా స్థానంలో ఉన్నానని. అరచేయి భుజమెత్తున చూపిస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలని. వేలు కింది నుంచి నెమ్మదిగా పక్కకి తిప్పితే ఒక్కొక్క వరసా లేవాలని. వెనక మడిచిన చేతి మీద రెండు వేళ్ళు తడితే, నా చోటికి ఎవరైనా రండి అని. వస్తున్నవాళ్ళు గుండె మీద చెయ్యి పెట్టుకుంటారు. జోనెట్టాకి ఇవన్నీ అక్షరాల కంటే ముందు వచ్చాయి. వంటింట్లో కుర్చీలు వరసగా వేసి, బొమ్మలకు చోటు చూపించేది.

ఇది చెప్పాలని వెర్లీన్ నోరు తెరిచింది. కానీ ఈ పిల్లకు మళ్ళీ కొత్తగా ఏం చెప్పాలి?

"బట్లర్ అంటే అన్నావులే" అంది చివరికి. "తాళంచెవి ఇవ్వు."

జోనెట్టా జేబులోంచి తాళంచెవి తీసి, చేతిలో పెట్టకుండా కోట్ల అలమర మీద పెట్టింది. "తీసుకో. రేపట్నుంచి వీధిలో వండుతాం. ఇంటికి కూడా రాను."

వెర్లీన్ చెయ్యి ఇంకా దానిమీదికి వెళ్ళలేదు. రోలిన్స్ గొంతు వినిపించింది. కేక కాదు. కేక కాకపోవడమే భయంగా ఉంది.

"జోనెట్టా. ముందువైపు వచ్చేశారు."

ఇద్దరూ బయటికొచ్చారు. పైన వీధి తలుపు దగ్గర దబదబా బాదుతున్నారు. పిల్లల నవ్వులు ఆగిపోయాయి. ఇవెట్ అనే చిన్నపిల్ల చెంచా నోట్లోనే పెట్టుకుని బిగుసుకుపోయింది. జోనెట్టా ఈల పెదవుల మీదికి తీసుకుంది.

అప్పుడు వెర్లీన్ చూసింది. నేలమాళిగ కిటికీ నేలకు సమానంగా ఉంటుంది, అందులోంచి సందులో మనుషుల కాళ్ళు మాత్రమే కనబడతాయి. వెనక తలుపుకి అటూ ఇటూ మంచులో నల్లబూట్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఆ బూట్ల పక్కన ఒక తుపాకీ గొట్టం కిందికి వంగి ఉంది. ఈల మోగితే పిల్లలంతా గుంపుగా ఆ తలుపులోంచే దూసుకుపోతారు. లియాండర్ వెళ్ళినట్టు.

అరిస్తే పిల్లలు బెదిరి పరుగెడతారు. ఆమె అరవలేదు. జేబులోంచి తొడుగులు తీసి వేసుకుంది. ఆమె చేతులకు ఆ పని ఎంత అలవాటంటే, కళ్ళు కిటికీ మీంచి కదలక్కర్లేదు. కుడి అరచేయి భుజమెత్తున నిలబెట్టింది.

గది అవతలి వైపు నుంచి జోనెట్టా ఆ తెల్లని అరచేయి చూసింది. ఈల పెదవుల మీదే ఆగిపోయింది. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి దానంతటదే నడుము వెనక్కి పోయింది.

వెర్లీన్ కళ్ళతో కిటికీ చూపించింది. కూతురి మొహంలో రక్తం ఇంకిపోవడం ఆమెకు ఇక్కడికి తెలిసింది. తర్వాత వేలు నెమ్మదిగా పక్కకి తిప్పింది, పైన ఆరాధన గదిలోకి వెళ్ళే లోపలి మెట్ల వైపు. జోనెట్టా మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి అదే గుర్తు చూపించింది. ఈ పిల్లలు కూడా ప్రతి ఆదివారం ఆ చేతుల్ని చూసి లేచీ కూర్చునీ పెరిగినవాళ్ళే. మొదటి వరస లేచింది, తర్వాత రెండోది. కొందరు బొచ్చెలు కూడా పట్టుకునే నడిచారు. ఎవరూ పరుగెత్తలేదు.

వీధి తలుపు విరిగిన చప్పుడయ్యేసరికి, పిల్లలు పైన ఆరాధన గది బెంచీల మీద ఆదివారం కూర్చున్నట్టే కూర్చుని ఉన్నారు. వెర్లీన్ ద్వారంలో తన చోట నిలబడింది. ఎడమ చెయ్యి వెనక, కుడి అరచేయి ముందు.

మెట్లెక్కి వచ్చిన అధికారి ఆమె మొహం ముందు లాఠీ ఊపాడు. "తప్పుకోవే."

"లోపల పిల్లలున్నారండి. చర్చిలో టోపీ తీస్తారు."

ఆయన ఆమె భుజం పట్టి పక్కకి నెట్టాడు. తలుపు అంచు తగిలి ఆమె నుదురు చిట్లింది. ఆమె మళ్ళీ వచ్చి అదే చోట నిలబడింది. అధికారి ఆమె పక్కనుంచి తల పెట్టి చూశాడు. బెంచీల నిండా పిల్లలు, ఒళ్ళో బొచ్చెలు, అన్ని కళ్ళూ ఆయన మీదే. వెనకున్న ఒక కుర్ర పోలీసు, ఎవరూ చెప్పకుండానే, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ చిన్న సంగతి వెర్లీన్ ఆ తర్వాత చాలాకాలం గుర్తుంచుకుంది. కానీ అతనూ మిగతావాళ్ళతో పాటే కిందికి వెళ్ళాడు.

కింద బస్తాలు చీల్చారు. రవ్వ నేలంతా పోసి, దానిమీద పాలు గుమ్మరించారు. తుపాకులు దొరకలేదు. దొరకనందుకు మళ్ళీ పైకి వచ్చి, పోలీసు పనికి అడ్డుపడిందని జోనెట్టా చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు.

పిల్లల ముందునుంచే నడిపించుకెళ్ళారు. జోనెట్టా మెల్లగా నడిచింది, ఎంత తోసినా అడుగు వేగం పెంచలేదు. గుమ్మం దగ్గర తల్లిని దాటింది. వెర్లీన్ ఆ వీపునే చూస్తూ నిలబడింది. అప్పుడు, బేడీల్లో బిగిసిన ఎడమ చేతి మీద, కుడిచేతి రెండు వేళ్ళు తట్టాయి. ఆగి మళ్ళీ తట్టాయి.

నా చోటికి ఎవరైనా రండి.

వెర్లీన్ తెల్ల తొడుగున్న చేతిని గుండె మీద పెట్టుకుంది. జోనెట్టా బండి ఎక్కుతూ తల తిప్పి అది చూసింది.

ఆ మధ్యాహ్నం రెవరెండ్ గ్రిగ్స్‌బీ నేలమాళిగకి వచ్చి తాళంచెవి అడిగాడు. ఇవ్వనని వెర్లీన్ ఎంతో మర్యాదగా చెప్పింది. ఆమె నుదుటి మీద గుడ్డపట్టీ చూసి ఆయన తల దించుకున్నాడు. తర్వాత కోటు విప్పి, అప్పటికే నేల శుభ్రం చేస్తున్న హోజియా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని రవ్వ ఎత్తడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్నే నేలమాళిగలో మళ్ళీ పొయ్యి వెలిగింది. నిన్నటి పిల్లలందరూ రాలేదు. కొందరి తల్లులు పంపలేదు, కొందరి తల్లులు తామే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. వెర్లీన్ గరిటె తిప్పుతూ ఉంది కానీ మనసు మెట్లమీదే ఉంది. పైన చప్పుడైన ప్రతిసారీ గరిటె ఆగుతోంది.

తీసుకురావడానికి వెళ్ళిన రోలిన్స్ వెంట జోనెట్టా దిగి వచ్చింది. రాత్రంతా స్టేషనులో ఉంచి ఇప్పుడే వదిలారు. పెదవి వాచింది, మణికట్లు కమిలాయి. బల్లల మధ్యనుంచి నేరుగా తల్లి దగ్గరికి నడిచి వచ్చింది. ఏదో అనబోయింది. నిన్న తొడుగుల గురించి అన్న మాటే అడ్డొచ్చినట్టుంది. చివరికి గుండె మీద చెయ్యి పెట్టుకుంది, నీ చోటికి నేనొచ్చాను అన్నట్టు.

వెర్లీన్ తల అడ్డంగా ఊపింది. అరచేయి భుజమెత్తున నిలబెట్టి ఆగమంది. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి ఆ చెయ్యి మాత్రం ఖాళీ లేదు. ఇంకో చేత్తో ఒక బొచ్చెలో వేడి జావ పోసి, వెన్న ముద్ద వేసి, ఇవెట్ పక్కనున్న ఖాళీ చోటు చూపించింది.

"ముందు తిను" అంది.