పంట్లో అత్తగారు

ముందే ఒప్పేసుకుంటున్నాను: ఈ కథలో నేను మేదిని పక్షం. ఆమె చేసింది దొంగతనమో, లేకితనమో, వట్టి తిక్కో మీరే తేల్చుకోండి. నాకైతే ఆమె మీద కోపం రాలేదు. ఎందుకు రాలేదో చెబితే నా గుట్టు బయటపడుతుంది. కాబట్టి ఆమె గుట్టే చెబుతాను.

2063. విశాఖ కొండల మీద విలువిద్య శిక్షణ శిబిరం. టిఫిన్ వేళ. హాలు నిండా జనం ఇడ్లీలు తింటున్నారు, ఒక్కళ్ళూ పక్కవాళ్ళతో మాట్లాడరు. ఎవరికి వాళ్ళే తలలూపుకుంటారు, మొహం చిట్లిస్తారు, పళ్ళ సందున ఏదో గొణుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఇదేదో మౌనవ్రతం బ్యాచ్ అనుకుంటారు.

"కొబ్బరి పచ్చడి. నిషిద్ధ పదార్థాలు లేవు," అంది మేదిని పన్ను. "ఉప్పు మాత్రం ఎక్కువ."

"నిన్నడిగానా?"

"అడక్కపోయినా చెప్పడమే నా పని."

దాని అసలు పేరు దంతసాక్షి. దవడ పన్నులో బియ్యపుగింజంత ప్రయోగశాల. నాలుక మీద పడ్డ ప్రతిదాన్నీ అణువణువూ విడదీసి చూస్తుంది. క్రీడాకారులు వాడకూడని మందు ఉంటే, మింగేలోపే చెప్పేస్తుంది. చెప్పినా మింగితే పైవాళ్ళకి నివేదిక పంపేస్తుంది. మాట గాలిలో కాక దవడ ఎముకలోంచి చెవికి చేరుతుంది కాబట్టి పక్కవాళ్ళకి వినపడదు. కనిపెట్టింది డాక్టర్ బానోతు తులసి. ఆమె తమ్ముడు పరుగుపందేల్లో ఉండేవాడు. జలుబుకి తాగిన సిరప్ డోపింగ్ పరీక్షలో బయటపడి నిషేధానికి గురయ్యాడు, మళ్ళీ ట్రాక్ ఎక్కలేదు. నిబంధన అప్పుడూ ఇప్పుడూ ఒకటే: నీ ఒంట్లో దొరికిందంటే బాధ్యత నీదే. తెలిసి తిన్నావా, తెలియక తిన్నావా అన్నది తర్వాతి సంగతి. ఆ 'తెలియక'ని లేకుండా చేద్దామనుకుంది తులసి. క్రీడాకారులు మాత్రం, తినే ప్రతి ముద్దకీ వంక పెడుతోందని, దానికి అత్తగారు అని పేరు పెట్టుకున్నారు.

మేదినికి ముప్ఫై నాలుగు. ప్రపంచ క్రీడల జట్టు గుమ్మం దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చింది. ఇది తప్పితే ఇంకోసారి ప్రయత్నించే వయసు లేదు. ఈసారి జట్టులో మిగిలింది ఒక్క చోటు. దానికి పోటీ ఇద్దరు. ఒకరు మేదిని, ఇంకొకరు ఆమని.

ఆమని శ్రీకాకుళం పిల్ల, ఇంకా ఇరవై నిండలేదు. విల్లెత్తితే చెయ్యి గోడకి కొట్టిన మేకులా ఉంటుంది. బాణం వదిలి, అది ఎక్కడ దిగిందో చూడకుండానే నవ్వేస్తుంది. ఆ నవ్వు చూస్తే మేదినికి కడుపులో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నట్టుండేది.

"ఆ పిల్ల ఏం తింటోంది?" అని అడిగింది అత్తగారిని.

"ఇతరుల నోటి సంగతులు నేను చెప్పకూడదు."

"వణుకు తగ్గించే మాత్రలేవో మింగుతోంది. లేకపోతే ఆ వయసులో చెయ్యి అలా ఎలా నిలబడుతుంది?"

"ఫిర్యాదుకి ఆధారం కావాలి. అనుమానం ఆధారం కాదు. నేను రుచి చూసినదాని గురించే నేను చెప్పగలను."

అత్తగారు మామూలుగానే అంది. మేదిని చెంచా మాత్రం గాల్లోనే ఆగిపోయింది.

మేదిని చిన్నప్పుడు సొంత చెల్లెలు తాగిన గ్లాసు కూడా ముట్టేది కాదు, ఎంగిలని. ఆ మధ్యాహ్నం, ఆమని సగం కొరికి కంచంలో వదిలేసిన జీడిపాకం ముక్కని, కంచాలు తీసే వంకతో నోట్లో వేసుకుంది. జీడిపప్పు, బెల్లం, నెయ్యి. నిషిద్ధ పదార్థాలు లేవు. మర్నాడు పెరుగన్నం. అదీ శుభ్రమే. ఆ తర్వాత ఇక నీళ్ళ సీసా మీద పడింది. ఆమని బాణాలు ఏరుకురావడానికి వెళ్ళగానే బల్ల మీది నీలం సీసా ఎత్తి, ఓ గుక్క పట్టి, తీర్పు వినగానే గడ్డిలో ఉమ్మేసేది.

"నీళ్ళు. ఇంకొకరి లాలాజలం. నిషిద్ధ పదార్థాలు లేవు. ఈ అలవాటు మంచిది కాదు."

"నోర్ముయ్."

"నోరు మీది."

ఓసారి ఆమని వెనకనుంచి వచ్చేసింది. "ఏటక్కా, నా బాటిలెట్టుకున్నావు?"

"నాదనుకున్నానమ్మా."

"నీది ఎర్రది గదేటి!" అని ఎప్పట్లాగే నవ్వేసి, సీసా అందుకుని గటగటా తాగేసింది.

అంతా శుభ్రమేనని తేలేకొద్దీ మేదినికి మంట తగ్గాలి కదా, రెట్టింపైంది. ఎదుటిమనిషి మోసం చేస్తోందంటే ఓడిపోయినా పరువు దక్కుతుంది. నిజంగానే బాగా వేస్తోందంటే ఆ సంగతి ఎక్కడ పెట్టుకోవాలి?

ఎంపిక పోటీ రోజు వచ్చింది. సగం బాణాలయ్యేసరికి మేదిని ఒకే ఒక్క పాయింటు వెనకబడింది. విరామంలో చూస్తే బల్ల మీద నీలం సీసా లేదు. ఆమని సంచిలో ఉంది. సంచికి జిప్పు వేసి ఉంది. ఇన్నాళ్ళూ బయట పెట్టిన సీసాని ఇవాళ దాచిందంటే ఇంకేం కావాలి? మేదిని జిప్పు లాగింది, మూత తిప్పింది, గుక్క పట్టింది.

"స్టిరాయిడ్. పోటీ రోజున నిషిద్ధం. మింగకండి. వెంటనే ఉమ్మేయండి."

దొరికింది! దొంగ దొరికింది! ఆ సంబరంలో గొంతు తనంతట తనే గుటక వేసింది.

"మింగేశారు," అంది అత్తగారు. "నివేదిక పంపాను."

"మంచి పని చేశావు. దాని పని అయిపోయినట్టే."

"నివేదిక మీ మీద. నోరు మీది కదా."

ఆమనికి చిన్నప్పటినుంచీ కీళ్ళ జబ్బు. వాపు తిరగబెట్టినప్పుడు ఆ మాత్రని నీళ్ళలో కరిగించి తాగడానికి వైద్యుల సంఘం అనుమతి ఇచ్చింది. అలాంటి అనుమతులు గుట్టుగా ఉంచుతారు. ఆమని తాగడం తప్పు కాదు. మేదిని తాగడం తప్పు.

విచారణకి డాక్టర్ తులసి కూడా వచ్చింది. మందు నోట్లోకి ఎలా వచ్చిందో మేదిని నిరూపించుకుంటే శిక్ష తగ్గుతుంది. లేకపోతే కొన్నేళ్ళ నిషేధం.

"ఆ అమ్మాయి సీసాలో మీ నోరెందుకు పెట్టారు?" అని అడిగింది తులసి.

దాహం వేసిందని చెప్పొచ్చు. కానీ జిప్పుకేం చెబుతుంది?

"కుళ్ళండీ," అంది మేదిని.

"ఏంటీ?"

"ఆ పిల్లంటే నాకు కుళ్ళు. ఏదో మందు మింగుతోందని పట్టుకుందామని రోజూ దాని ఎంగిలి తాగాను."

సాక్ష్యానికి ఆమనిని పిలిచారు. మణికట్టుకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. మేదిని ఆ చేతికేసి చూడలేకపోయింది.

"అక్క నిజిమే సెప్తంది మేడం. సానా దినాల్నించి తాగుతంది."

"నీకెలా తెలుసు?"

"నా పంట్లోనూ అత్తగారుంది గదేటి. ఇంకొకరి లాలాజలం అని రోజూ సెప్పీది. ఎవుల్దా అని సాటుగా సూసినాను. అక్క."

"తెలిసీ సీసా ఎందుకు మార్చలేదు?"

ఆమని మణికట్టు గుడ్డ అంచు లాక్కుంది.

"అక్క వయసుకి పొద్దల్లా విల్లు లాగినా సెయ్యి నొప్పని అనదు. నాకు నాలుగు బాణాలేస్తే వేళ్ళు వాసిపోతాయి. అక్క ఏదో మింగుతందని నాకు డౌటు. అక్క ఎంగిలి బాటిల్లోకొస్తే నా అత్తగారు కనిపెట్టేస్తాదని, కావాలనే బల్ల మీద ఒగ్గీసీదాన్ని."

"ఏం కనిపెట్టింది?"

"ఏటీ నేదు! ఒట్టి మనిసే. దాంతో ఇంకా ఏడుపొచ్చీసింది."

"మరి పోటీ రోజున మందు వేసి..."

"అందుకే గదా మేడం, అక్క తాగీగల్దని సంచిలో ఎట్టి జిప్పేసినాను! జిప్పు తీసి మరీ తాగుతాదని నానేటి కలగన్నానా?"

తులసి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "తెలియక తినేవాళ్ళని కాపాడదామని చేశాను దీన్ని. పక్కవాళ్ళది తెలిసి తెలిసి తింటారని నా లెక్కలో లేదు."

మేదిని నిజం చెప్పినందుకు శిక్ష కొన్ని నెలలకి తగ్గింది. ఆ నెలల్లోనే ప్రపంచ క్రీడలు. ఆ ఒక్క చోటూ ఆమనికి వెళ్ళింది.

మెట్లు దిగుతుంటే ఆమని వెనకే పరిగెత్తుకొచ్చింది. "అక్కా, కోపంగా ఉన్నావేటి?"

మేదిని కోపం తెచ్చుకుందామనే చూసింది. ఇన్నేళ్ళ సాధన నీళ్ళపాలైంది, అదీ వేరేవాళ్ళ నీళ్ళపాలు. ఏడవాలి. కానీ లోపలినుంచి ఏదో బుడగలా పైకి వస్తోంది.

"ఇందాక లోపల అన్నావే, అది ఇంకోసారి చెప్పు."

"ఏటది?"

"నా చెయ్యి చూస్తే నీకెలా ఉండేది?"

"కుల్లుకుని సచ్చీదాన్నక్కా!"

మేదిని మొహం వెలిగిపోయింది. ఏ పతకానికీ అలా వెలిగి ఉండదు.

"మీ లాలాజలంలో ఏదో మార్పు కనిపిస్తోంది," అంది అత్తగారు. "ఏమిటో గుర్తించలేకపోతున్నాను."

"నిషిద్ధమా?"

"జాబితాలో లేదు."

"అయితే మింగేస్తా," అంది మేదిని.

మీరూ ఎప్పుడో ఎవరిదో ఒక మూత తిప్పే ఉంటారు. పక్క సీటు వాళ్ళ మార్కులో, తోడికోడలి కూర గిన్నో, స్నేహితురాలి ఫోనో. లోపల ఏం దొరికింది? దొరక్కపోతే ఎంత మండింది? నాకు రాయండి. పేర్లు మార్చి రాయండి, పర్లేదు. నేనూ మార్చే రాశాను.