గేటు ముందు తెల్లటిది

పోతిరెడ్డిపల్లి దాటాక మూతబడ్డ మందుల కంపెనీ ఒకటుంది. దాని గేటు ముందు తెల్లవారుజామున తెల్లటిదేదో తిరుగుతుందని ఊరంతా కోడై కూసింది. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని బస్సు డ్రైవర్ ఓదెలు ఒట్టేసి మరీ చెప్పాడు. అసలు అది కనబడగానే ఆయన కళ్లు మూసుకున్నాడు. బస్సు నడుపుతూ మూసుకున్నాడు, అది వేరే సంగతి.

చిక్కంతా జ్యోతికి వచ్చిపడింది. ఆమెను బొల్లారం తీసుకెళ్లే కంపెనీ బస్సు ఆ గేటు ముందే ఆగాలి. నిన్న ఓదెలు తెల్లదాన్ని చూసి ఆపకుండా దౌడు తీయించాడు. ఇంకోసారి డ్యూటీకి రాకపోతే ఇక రానే వద్దన్నాడు సూపర్‌వైజర్. పిల్లలున్న ఇంట్లో సంపాదించేది తనొక్కతే. దెయ్యమైతే దెయ్యమని, టిఫిన్ సంచీ పట్టుకుని ఇవాళ మళ్లీ వచ్చి నిలబడింది.

చీకటి… కుక్కలు కూడా చప్పుడు చేయడం లేదు…

గేటు కిర్రుమంది.

తెల్లటిది — మనిషి తలకన్నా ఎత్తులో — ఊగుతూ ఆమె వైపే వస్తోంది. దేవుణ్ణి తలుచుకుందామంటే జ్యోతికి ఒక్క దేవుడి పేరూ గుర్తుకు రాలేదు.

"అక్కా…" అంది అది, గుసగుసగా. "ఈడ దెయ్యం తిరుగుతదంట గదా. జెర రోడ్డు దాటేదాక తోడుంటవా?"

జ్యోతి ఫోన్ లైటు వేసింది. కర్ర కొసకు తెల్ల లుంగీ ముక్క. కింద వాళ్ల వాడలోని ఇందిరమ్మ కొడుకు నర్సింగ్. సూడాన్‌లో మందుల కంపెనీలో పనిచేస్తూ, అక్కడ యుద్ధం మొదలయ్యాక వట్టి చేతులతో తిరిగొచ్చినవాడు.

"లైటు బంద్ చెయ్యి," అన్నాడు కిందికి వంగుతూ. "వెలుగుంటే గురి పెడతరు."

"నువ్వేందన్నా ఈడ?"

"ఈడనే వాచ్‌మన్‌గ కుదిరిన. ఇంటికి పోతున్న."

"మరి గీ జెండా ఏంది?"

"ఆడ మిలట్రోల్లే రెండు జట్లయి కొట్టుకున్నరు. మనం రొట్టెకు పోవాలన్నా, నీళ్లకు పోవాలన్నా గిది ఎత్తుకొని పోవాలె. గుడ్డ ఉన్నోన్ని కాల్వరని."

"కాల్వలేదా?"

"కొందర్ని కాల్వలే."

జ్యోతి ఫోన్ లైటు ఆర్పింది. "ఈడ లడాయి లేదన్నా," అంది మెల్లగా.

"ఆడ మొదలైన పొద్దు మా సేటు కూడ గట్లనే అన్నడు. ఏం లేదు, డ్యూటీకి రాండ్రి అన్నడు."

దూరంగా బస్సు లైట్లు…

"అన్నా, అది దించు. దాన్ని సూసే ఓదెలన్న ఆపుతలేడు. ఇయ్యాల బస్సు పోతే నా నౌకరి పోతది."

నర్సింగ్ ఖాళీ రోడ్డును అటు చివరి నుంచి ఇటు చివరిదాకా చూశాడు. గుడ్డ విప్పి ఆమె చేతిలో పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకుని రోడ్డు మీదికి నడిచాడు.

ఎవడో చేతులెత్తి ఆపమంటున్నాడనుకుని ఓదెలు బ్రేకు తొక్కాడు.

"దెయ్యం గిట్ల కనబడ్డదా?" అడిగాడు, జ్యోతి ఎక్కగానే.

"కనబడ్డది. నువ్వు కండ్లు మూసుకొని బస్సు నడుపుతవని దానికే భయమైతుందంట."

బస్సంతా నవ్వింది. జ్యోతి కూడా నవ్వింది.

సాయంత్రం గుడ్డ తిరిగి ఇచ్చేద్దామనుకుంది, ఇవ్వలేదు. పారేయనూ లేదు. ఉతికి, మడిచి, పిల్లల బట్టల కింద పెట్టుకుంది.