గడ్డి కూరిన చిరుత

ఆదోనిలో ఆ బంగళాను అందరూ అజబ్ బంగ్లా, అంటే వింతల బంగళా, అనేవాళ్ళు. అడవుల శాఖలో రేంజరుగా చేసి దిగిపోయిన ఒక పెద్దమనిషి, తాను కొట్టి తెచ్చిన జంతువులకు గడ్డి కూరించి, కొండల వైపు పోయే దారిలో ఉన్న తన పాత బంగళా నిండా నిలబెట్టించాడు. ఆదివారం మధ్యాహ్నం తలుపులు తీసి జనాన్ని లోపలికి రానిచ్చేవాళ్ళు. పల్లెల నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చి, నోరు తెరుచుకుని చూసి పోయేవాళ్ళు. మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలులో కలిసిన కొత్తలో మాట ఇది.

మమ్మల్ని అక్కడికి తీసుకుపోయింది నా బావమరిది సోమప్ప. వాడు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేసేవాడు. మేముండేది ఎమ్మిగనూరు పక్కన. వాళ్ళక్క హులిగమ్మ, అంటే నా భార్య, ఏడాదిగా నవ్వి ఎరగదు. పండక్కీ పబ్బానికీ గడప దాటలేదు. నాలుగు కొత్త వింతలు చూస్తే మనసు మళ్ళుతుందని సోమప్ప పట్టుబట్టి పిలిపించాడు. వాడు మంచికే చేశాడు. లోపల ఏముందో వాడికి తెలియదు.

మాకు జరిగింది ముందు చెప్పాలి. ఆ ముందటి ఎండాకాలం మేమిద్దరం తుంగభద్ర కాలువ తవ్వే పనికి కూలికి పోయాం. గట్టు వెంబడే బోద గడ్డితో వేసుకున్న గుడిసెలు. ఒకనాటి తెల్లవారుజామున చిరుతపులి గుడిసెలో దూరి, హులిగమ్మ పక్కలో పాలు తాగుతున్న మా పిల్లవాణ్ణి ఎత్తుకుపోయింది. తిక్కయ్య అని పేరు పెట్టుకున్నాం వాడికి. హులిగమ్మ వాడి కాలు పట్టుకుంది. పట్టు జారిపోయింది.

మరుసటి రోజే జీపులో షికారీలు వచ్చి ఆ చిరుతను కాల్చారు. వాళ్ళెవరో, ఏ ఊరివాళ్ళో మాకు చెప్పిన దిక్కు లేదు. దాన్ని జీపులో వేసుకుని పోతుంటే నేను అడ్డం పడ్డాను. దాని కడుపు కోసి చూడండి, మా బిడ్డది ఎముక ముక్క దొరికినా మట్టిలో పెట్టుకుంటామని కాళ్ళు పట్టుకున్నాను. కండ్లు తుడుచుకోమని ఒక్కరూ అనలేదు. అడ్డదిడ్డంగా కోస్తే తోలు పాడవుతుందన్నారు. దుమ్ము రేపుకుంటూ పోయారు. ఆ దుమ్ము ఇప్పటికీ నా నోట్లోనే ఉంది.

ఆ ఆదివారం బంగళాలోకి అడుగు పెట్టగానే కలరా ఉండల వాసన, కర్పూరం వాసన, ఆ రెండింటి అడుగున పాత తోలు వాసన ముక్కుకు తగిలాయి. కాపలా ఉండే రసూల్ సాబ్ అనే ముసలాయన చేతిలో చిన్న బెత్తం పట్టుకుని ఒక్కో జంతువునూ చూపించాడు. గాజు పెట్టెల్లో బట్టమేక పిట్టలు, గుడ్లగూబలు. సీసాల్లో సారా పోసి ఉంచిన పాములు. గోడ వారగా జింకలు, తోడేళ్ళు. మా కూతురు భీమమ్మకు అప్పుడు ఆరేళ్ళుంటాయి. ప్రతిదాని ముందూ నిలబడి, ఇది కరుస్తుందా అది కరుస్తుందా అని అడుగుతూనే ఉంది. చీమలు తినే అలుగు దగ్గర హులిగమ్మ ఆగింది. దాని పొలుసుల మీద వేలితో రాసి, చిన్నప్పుడు మా చేన్లో ఇట్లాంటిది చూసినానని తమ్ముడితో చెప్పింది. సోమప్ప నా వైపు చూసి సంతోషంగా తల ఊపాడు.

ఆఖరి గది చీకటిగా ఉంది. ఎండ పడితే తోళ్ళ రంగు పోతుందని కిటికీలు మూసి ఉంచారు. మధ్యలో చెక్కతో చేసిన గుట్ట. గుట్ట మీద చిరుత. నోరు తెరిచి ఉంది. నాలుకకు ఎర్రరంగు పూసి, వెంట్రుకలకు నూనె రాసి దువ్వారు. గాజు కళ్ళు తలుపు వైపే చూస్తున్నాయి.

రసూల్ సాబ్ రోజూ చెప్పే పాఠం లాగే బెత్తం ఎత్తి చెప్పాడు. "ఇది ఎమ్మిగనూరు కాలువ కాడ కొట్టిన సిరతపులి. కూలోళ్ళ పిల్లగాన్ని ఒకన్ని తినింది."

"వాని పేరు తిక్కయ్య," అంది హులిగమ్మ.

రసూల్ సాబ్ బెత్తం దించాడు. ఆమె ముఖం చూశాడు, నా ముఖం చూశాడు.

నా బిడ్డకు ఒక గుంట లేదు, గుంట మీద పెట్టుకోవడానికి రాయి లేదు. వాణ్ణి తిన్నదానికేమో బంగళా, నూనె, దువ్వెన, కాపలాదారు. ఆదివారం ఆదివారం జనం వచ్చి, ఎంత బాగుందో అని చూసి పోతున్నారు. దాన్ని తన్ని కింద పడేద్దామనుకున్నాను. సోమప్ప నా భుజం పట్టుకుని ఆపి ఏడ్చాడు.

మాటలు విని బంగళా సొంతదారు, ఆ పెద్దమనిషి వచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను. ఆనాడు జీపులో ముందు సీటులో కూర్చున్నది ఆయనే. తిక్కయ్య తండ్రిని నేనని చెప్పాను. దాని లోపల దొరికిందేమిటో, దాన్ని ఎక్కడ పారేశారో చెప్పమని అడిగాను. ఆయన విసుక్కున్నాడు. పేగులూ అవీ ఎవడో కూలివాడు ఏ వంకలోనో పారేసి ఉంటాడని, అవన్నీ ఎవరికి గుర్తుంటాయని అన్నాడు. మృగానికి పాపం పుణ్యం ఉండవని చెప్పాడు. దాన్ని చంపి మీకు మేలే చేశాను కదా అని కూడా అన్నాడు. పొద్దుగుంకుతోంది, ఇక బయటికి నడవమన్నాడు.

హులిగమ్మ చిరుత ముందు నేల మీద కూర్చుంది. ఎవరు లేపినా లేవలేదు. పోలీసులను పిలుస్తానని అరుస్తూ ఆయన వరండాలోకి పోయాడు. తక్కిన జనం వెళ్ళిపోయారు. రసూల్ సాబ్ ఒక్కో గది తలుపూ మూసుకుంటూ వచ్చి, మా దగ్గర వంగి గుసగుసగా చెప్పాడు. దాని కడుపు కింద కుట్లు నిలవవట. తాను గట్టి దారంతో కుడుతుంటాడట. వచ్చే ఆదివారానికి మళ్ళీ విడిపోయి ఉంటాయట.

"ఎలకలేమో అనుకుంటి అప్పా," అన్నాడు. "ఎలకైతే బయటినుంచి కొరకాల గదా. దారాలు లోపలినుంచి తెగి ఉండాయి."

దీపం ఇంకా వెలిగించలేదు. గుట్ట, చిరుత, గోడ అన్నీ ఒకే రంగులోకి పోతున్నాయి. బయట కాకులు సద్దుమణిగాయి. అప్పుడు వినిపించింది...

గడ్డి కదిలిన చప్పుడు.

ఆగింది. మళ్ళీ కదిలింది. ఎవరో పడుకున్నచోట ఒత్తిగిల్లినట్టు.

భీమమ్మ నా పంచె పట్టుకుంది. కలరా ఉండల వాసన ఉన్నట్టుండి పోయింది. దాని బదులు పాల వాసన... విరిగిన పాల వాసన. ఆ గదిలో పాలెక్కడివి?

"అమ్మా..."

చాలా సన్నగా. దుప్పటి కప్పుకుని లోపలినుంచి పిలిచినట్టు.

"అమ్మా... మబ్బుగుంది."

అది నా కొడుకే అనుకున్నాను. ఇంకేమీ ఆలోచించలేదు. ఆలోచించే స్థితి కాదు నాది. చీకటిగా ఉందంటున్నాడు నా కొడుకు. ఏడాదిగా ఆ చీకట్లో ఉంచారు వాణ్ణి.

హులిగమ్మ అరవలేదు. మోకాళ్ళ మీద ముందుకు జరిగి, చిరుత కడుపు కింద చెయ్యి పెట్టి, కుట్టు దొరకబుచ్చుకుని లాగింది. దారం పటపటా తెగింది. గడ్డి, మిల్లు దూది కుప్పగా నేల మీద పడ్డాయి.

ఆ చప్పుడుకు పెద్దమనిషి పరుగెత్తుకొచ్చాడు. తోలు చిరిగిపోయిందని గుండెలు బాదుకున్నాడు. ఆమెను పక్కకు తోసి, తానే కింద కూర్చుని, రాలిన గడ్డిని గుప్పెళ్ళతో తీసి మళ్ళీ లోపలికి కుక్కడం మొదలుపెట్టాడు. తిడుతూనే ఉన్నాడు. మణికట్టు దాకా పోయింది చెయ్యి. మోచేతి దాకా పోయింది.

తిట్లు ఆగిపోయాయి.

అట్లాగే ఉండిపోయాడు. ముఖాన చెమట పట్టింది. చెయ్యి లాక్కోబోయాడు. రాలేదు. రసూల్ సాబ్, సోమప్ప ఆయన నడుము పట్టుకుని లాగారు. రాలేదు. గుట్ట కదిలింది, చిరుత కదిలింది, చెయ్యి మాత్రం బయటికి రాలేదు.

"ఎవరో పట్టుకున్నారు," అన్నాడు. "చిన్న చెయ్యి... చాలా చిన్నది..."

హులిగమ్మ లేచి నిలబడింది. ఆయన ఆమె వైపు చూశాడు. వదలమని చెప్పమ్మా అన్నాడు. అంతకుముందు ఆయన ఆమె వైపు చూడనే లేదు.

"వాని పేరు పలుకు," అంది.

ఆయనకు తెలియదు. నేను ఎదురుగా నిలబడి చెప్పిన పేరే. చెవిన వేసుకోలేదు. రసూల్ సాబ్ నోరు తెరవబోతే హులిగమ్మ ఆయన వైపు ఒక చూపు చూసింది. ముసలాయన ఆగిపోయాడు. నేను చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు. ఇంకా లోపలికి లాగనీ, భుజం దాకా లాగనీ, మొత్తం మనిషిని లాగనీ అనుకున్నాను. నిజంగానే చెయ్యి మెల్లగా లోపలికి పోతోంది. చొక్కా చేయి గడ్డిలో ముడుచుకుంటోంది. ఆయన నోట్లోంచి పిల్లి కూన లాంటి మూలుగు వచ్చింది.

చివరికి చెప్పింది భీమమ్మ. నా వెనకనుంచి తల బయటికి పెట్టి, "మా తమ్ముని పేరు తిక్కయ్య," అంది.

"తిక్కయ్య," అన్నాడాయన. "తిక్కయ్యా... వదులు నాయినా..."

చెయ్యి బయటికొచ్చింది. ఆయన వెల్లకిలా పడ్డాడు. గాయం లేదు, నెత్తురు లేదు. వేళ్ళు మాత్రం తెల్లగా పాలిపోయి, తడిసి, ముడతలు పడి ఉన్నాయి. చంటిపిల్లలు చీకితే అయినట్టు.

తర్వాత ఆయన ఆ గదిలోకి రాలేదు. వరండాలోనే దూరంగా నిలబడి, దాన్ని ఇక్కడినుంచి తీసుకుపొమ్మని రసూల్ సాబ్‌తో చెప్పించాడు. మేము మొహమాట పడలేదు. రసూల్ సాబే మేకులు ఊడబెరికి, తోలునూ రాలిన గడ్డినీ పరక మిగలకుండా ఊడ్చి, తన కంబళిలో మూట కట్టి ఇచ్చాడు. సోమప్ప మిల్లు నుంచి ఎమ్మిగనూరు వైపు ఖాళీగా పోయే బండి మాట్లాడాడు. కాలువ గట్టున, మా గుడిసె ఉన్న చోటే గుంట తవ్వుదామని అనుకున్నాం.

ఊరు దాటాక చీకటి పడింది. సోమప్ప బండి తోలుతున్నాడు. హులిగమ్మ మూటను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా కోపం ఇంకా చల్లారలేదు. ఆ మనిషిని అంత తేలిగ్గా వదిలేశామే అని పళ్ళు కొరుక్కుంటున్నాను. కానీ మనసులో ఒక మూల నెమ్మది కూడా ఉంది. ఇన్నాళ్ళకు కొడుకు దొరికాడు కదా, వాడి గొంతయినా విన్నాం కదా అని ఆమెతో అన్నాను.

ఆమె మూటను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

"మనోనికి మాటలు రాలేదు గదప్పా," అంది. "అమ్మా అనేది గూడా రాలేదు వానికి."

నిజమే. వాడు ఒక్క మాట నేర్వకుండానే పోయాడు. మరి మబ్బుగుందన్నది...

మూట దింపేద్దామా అని అడిగాను. వద్దని తల అడ్డంగా ఊపింది. భీమమ్మ భయపడుతుందని, దానికి రోజూ చెప్పే కథ మొదలుపెట్టింది. అనగనగా ఒక ఊళ్ళో ఒక ముసలవ్వ. "ఊ." ఆ అవ్వకు ఒక మేక. "ఊ." ఆ మేక ఒకరోజు కొండెక్కింది. "ఊ."

చల్లగాలి వీచింది. భీమమ్మకు కప్పుదామని నా తువ్వాలు తీసి, నా తొడ మీద పెట్టుకున్న దాని తల పక్కకు వంగి చూశాను.

పిల్ల ఎప్పుడో నిద్రపోయింది. నోరు మూసుకుని, గాఢంగా.

హులిగమ్మ కథ చెబుతూనే ఉంది. కొండ మీద మేకకు చీకటి పడింది.

"ఊ."