తెడ్డు గుర్తు రాయి

ఆషాఢపు ఎర్రనీరు గట్టును ఒరుసుకుంటూ ఉరకలు వేస్తుండగా, సింగరేవు కోట బురుజుపై నిలిచిన సేనాని సూరమనాయకుడు, పద్నాలుగు దినాలుగా తన నగరాన్ని చుట్టుముట్టిన ఉత్తరదేశపు దండును చూచి మొట్టమొదటిసారి నవ్వాడు. శత్రువు గుడారాలన్నీ పాతపాయలో వెలిశాయి. ఒకప్పుడు గోదావరి పారిన దారి అది. గట్టు కట్టి నదిని మళ్లించాక ఎండి ఇసుకమైదానమైంది. ఏటిని ఎరిగినవాడెవడూ అక్కడ గుంజ పాతడు.

ఆ గట్టే సింగరేవు చరిత్ర. మొదట చేపలు పట్టే పల్లెకారుల గుడిసెలు ఏడు. తరువాత కుమ్మరులు, సాలెలు, గానుగ ఆడే తెలికలు, ఓడ వర్తకులు వచ్చారు. ఎవరైతేనేం, ఇక్కడ కాపురం పెట్టదలచిన ప్రతి ఇల్లూ తన గుర్తు చెక్కిన రాయి ఒకటి గట్టులో పేర్చాలి. ఆ రాయిని ఆ ఇంటివారు తప్ప అన్యులు కదిలిస్తే శిరశ్ఛేదమే. గట్టు పెరిగినకొద్దీ నగరమూ పెరిగింది. పాతపాయ నది నుంచి చీలే మొగన, అట్టడుగున, తెడ్డు గుర్తుతో ఉన్న తొలిరాయి సూరమనాయకుడి పూర్వులది. ఆ ఇంట ఇప్పుడు మిగిలినవాడు అతడొక్కడే.

నాయకుడు తిన్నగా కొలువుకు వెళ్లి రాజైన కాచభూపతికి మ్రొక్కాడు.

"దేవా! పాతపాయ మొగన గట్టు తెంచడానికి అనుజ్ఞ ఇవ్వండి. దండు ఏట్లో కలుస్తుంది. పల్లపు వాడలూ మునుగుతాయి. అందరికన్నా ముందు మునిగేది నా ఇల్లే. జనాన్ని కోటలోకి చేర్చుకుందాం."

మంత్రి దామనామాత్యుడు లేచాడు. తూర్పు ద్వారం తెరిచి ఇస్తే సింగరేవు ఏలుబడి నీదేనని శత్రువు రాసిచ్చిన తాటాకు కమ్మ ఆ క్షణాన అతని నడికట్టులోనే ఉంది. అయినా ఎంత ధర్మం ఒలకబోశాడో!

"మహాప్రభూ! గట్టు తెంచడం రాజద్రోహం. ప్రజల రాళ్లు తాకే అధికారం ఈ పడవవాడికి ఎవరిచ్చారు? ఇతని తల పంపి సంధి చేసుకుందాం. నగరం దక్కుతుంది."

"అమాత్యా! మూడు తరాలుగా ఈ ఊరి కూడు తింటున్న మీ ఇంటి రాయి గట్టులో లేదు. మెరకమీద మేడ ఉంది, మాకెందుకన్నారు మీ తాతగారు. రాళ్ల మాట మీరెత్తకండి. దేవా! నేనెవరి రాయీ ముట్టను. ఎవరిది వారే తీయాలి. అడిగి చూడండి. ఒక్కరు కాదన్నా నా తల మీ పాదాల దగ్గర పెడతాను."

రాజు చాటింపు వేయించమన్నాడు. మంత్రి మాత్రం మీసం చాటున నవ్వుకుని, తూర్పు దిడ్డివాకిలి దాటి శత్రుశిబిరానికి చేరాడు. "తమ కొంపలు తామే ముంచుకునే వెర్రివాళ్లుంటారా ప్రభూ? రేపు మీకు తలుపు తీస్తాను" అని విందుకు కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నం, జోరువానలో, ఆ మొగన రాళ్లున్న మూడు వందల ఇళ్లవారూ పిల్లాపాపల్ని కోటలోకి చేర్చి, పలుగులతో వచ్చారు. ఒక్కరు మిగల్లేదు. కుమ్మరి ముసలమ్మ తన రాతిని రెండు చేతులా తడిమింది.

"మా మామగారు పెట్టింది నాయనా! పోనీ, మళ్లీ పెట్టుకుంటాం. ఆ దొంగసచ్చినోడికి మాత్రం నా రేవు ఇవ్వను!"

ఇవతలి వరుసలన్నీ తీసేసరికి నది బరువంతా తెడ్డు గుర్తు రాయి మీద ఆగింది. దాన్ని కదిపినవాడు ఒడ్డెక్కే వ్యవధి ఉండదని అక్కడున్న ప్రతి పడవవాడికీ తెలుసు. భటులు ముందుకొచ్చారు.

"మేము దిగుతాం దొరా!"

"మీ ఇంటి రాయా అది? పైకి పొండిరా!"

నాయకుడు తలపాగా విప్పి కుమ్మరి ముసలమ్మ చేతికిచ్చి, పలుగుతో దిగాడు. మూడో పోటుకు రాయి కదిలింది. గోదావరి తన పాత ఇంటికి తిరిగి వచ్చింది. గుడారాలు, ఏనుగులు, విందు విస్తళ్లు, నడికట్టులో కమ్మతో సహా మంత్రి, అన్నీ పోయాయి. నాయకుడి దేహమూ దొరకలేదు.

కార్తీకానికి నీరు తీసింది. జనం మళ్లీ గట్టు పేర్చసాగారు. ఇసుకలో తెడ్డు గుర్తు రాయి బయటపడింది. రాజు పాదరక్షలు విడిచి దాని ముందు నిలిచాడు.

"దీన్ని ముట్టే హక్కు నాకూ లేదు. సూరమనాయకుడి ఇంటివారు ఎవరైనా ఉన్నారా?"

తలపాగా గుండెకు హత్తుకుని ముసలమ్మ ముందుకు వచ్చింది. ఆమె వెనక కుమ్మరులు, సాలెలు, తెలికలు, భటులు, ఊరు ఊరంతా కదిలింది.

"ఉన్నాం దేవా" అంది ముసలమ్మ, రాతికి చేయి వేస్తూ.