ఎర్రన్నను పిలిచిన పాట

బోధన్ నుంచి వర్ని పోయే దారిలో, కాలువ తూము దాటగానే, ఎడమ చేతికి ఒక పాత గానుగ కొట్టం ఉండేది. పొద్దుగూకాక అటు తిరిగి చూసేవాళ్లు కూడా లేరు. దానికంత చెడ్డ పేరు.

చక్కెర ఫ్యాక్టరీ రాకముందు అక్కడ బెల్లం వండేవాళ్లట. ఫ్యాక్టరీ వచ్చాక చెరకంతా అటే పోయింది, గానుగ మూలబడింది, కప్పు సగం కూలింది. కూలిన కొట్టం ఉంటే అందులో దయ్యం ఉండాలి కదా! బెల్లం పెనంలో పడి చచ్చినవాడే దయ్యమయ్యాడని ఒకాయన అన్నాడు. వాడు కాదు, వాడి పెండ్లాం అని ఇంకొకాయన అన్నాడు. ఇద్దరూ అని మూడో ఆయన తేల్చేశాడు. ఆ పడినవాడి పేరేమిటయ్యా అంటే ఒక్కడూ చెప్పలేడు. పేరు తెలియదు గానీ, రాత్రిపూట వాడేం చేస్తాడో మాత్రం అందరికీ తెలుసు.

ఈ సంగతి నాకు చెప్పింది రేణుకమ్మ. మాకు మేనత్త వరస. ఆమె మొగుడే ఎర్రన్న.

నయాపైసలు వచ్చిన కొత్తల్లో జరిగింది. చెరకు కోతల కాలం. ఎర్రన్న పొద్దున్నే బండినిండా చెరకు తోలుకొని ఫ్యాక్టరీకి పోయేవాడు. అక్కడ వరుసలో నిలబడి, దించి, ఖాళీ బండితో తిరిగొచ్చేసరికి చీకటి పడేది. బెదిరిన ఎద్దును కొమ్ములు పట్టి ఆపగల మనిషే. కానీ గానుగ కొట్టం దగ్గరికి రాగానే గొంతెత్తి భజన మొదలుపెట్టేవాడు.

"మేలుకో దేవా... మేలుకో..."

అది తెల్లవారుజామున దేవుణ్ణి లేపే పాట. రాత్రిపూట ఎందుకయ్యా అంటే, "దేవుడు పండేది గప్పుడే గదా. లేపకుంటె నన్నెవలు కాపాడుతరు?" అనేవాడు. అంత భక్తి!

ఒక రాత్రి... మంచు పడుతోంది. బండి తూము దాటింది. ఎర్రన్న పాట అందుకున్నాడు. చలికో, భయానికో — పాట ముక్కలు ముక్కలుగా వస్తోంది.

"మేలు... కో... దేవా... మేలు..."

కొట్టంలోంచి — ఆడగొంతు.

సన్నగా... దీర్ఘం తీస్తూ...

"యేరే... యేరే... ఊస... చావూ... ఊస... చావూ..."

ఎర్రన్న పాట ఆపేశాడు. కాసేపటికి లోపలి పాటా ఆగింది. ధైర్యం కోసం మళ్లీ "దేవా" అన్నాడు. అంతే — ఆ గొంతు ఇంకా పెద్దదైంది. ఎడ్లను కొట్టిన కొట్టుడుకు బండి ఎలా ఇల్లు చేరిందో ఆయనకే తెలియదు.

"నా పేరు పెట్టి పిలిచింది... ఎర్రే, ఎర్రే అని," అన్నాడు గడపలో కూలబడి. "సావు అన్నది."

"ఏ గుడ్లగూబనో అయ్యుంటది. బువ్వ తిను," అంది రేణుకమ్మ.

మర్నాడూ అదే పాట. ఆ మర్నాడూ అదే. పక్కింటి రాజమల్లు కూడా రోజూ అదే దారిన బండి తోలుతాడు. బీడీ నోట్లో పెట్టుకుంటే ఇల్లు చేరేదాకా మాట్లాడని మనిషి. అడిగితే, "నాకేం ఇనరాలె," అన్నాడు. ఆ మాటతో ఎర్రన్న పని అయిపోయింది. రాజమల్లుకు వినిపించడం లేదంటే, అది వెతుకుతున్నది తననే అన్నమాట!

ఇంతలో సంగతి రామస్వామికి తెలిసింది. భజన మందిరంలో పాటలకు లోపలి అర్థం చెప్పే పెద్దమనిషి ఆయన. పాటలో కాకి ఉంటే జీవుడు అంటాడు. చెట్టు ఉంటే దేహం అంటాడు. కాకి అంటే కాకే అయిన పాట ఆయన జన్మలో వినలేదు. పిలవకుండానే వచ్చి, మంచం పక్కన పీట వేయించుకొని, ఎర్రన్న చేత ఆ పాట మళ్లీ మళ్లీ పాడించుకున్నాడు. కండ్లు మూసుకున్నాడు.

"ఎర్రే అంటె నువ్వే. చావు అంటె చావే. గుట్టంత ఊసల ఉన్నది."

బండ్లు బాగుచేసే బాలనర్సయ్య అక్కడే ఉన్నాడు. "గుట్టేముందయ్యా, ఊస అంటె ఊసిపోవుడు. బండి శీల ఊసిపోయి చక్రం కింద పడ్తడు."

"నీకు బండి తప్ప ఏం ఎరుక?" రామస్వామి కసిరాడు. "ఊస అంటె ఊపిరి. ఎర్రన్న ఊపిరి పోతది... అచ్చే అమాసకు."

ఆ పాటలో అమావాస్య ఎక్కడుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. రామస్వామి దాన్ని తన ఇంటి నుంచి తెచ్చుకొని ఉంటాడు.

ఎర్రన్న మంచం పట్టాడు. గొంగడి ముసుగు తీయడు. బువ్వ ముందు పెడితే గోడవైపు తిరుగుతాడు. కోసిన చెరకు చేనులో ఎండుతోంది. మనిషి అంతకన్నా తొందరగా ఎండుతున్నాడు. రాత్రిళ్లు రేణుకమ్మ లేచి ఆయన ముక్కు కింద చెయ్యి పెట్టి చూసుకునేది. దయ్యమంటే ఆమెకు భయం లేదు. ఈ పిచ్చి మనిషి నిజంగానే చచ్చిపోయి, రామస్వామి చెప్పిన అర్థాన్ని నిజం చేస్తాడేమోనని భయం.

అమావాస్య రానే వచ్చింది. పొద్దుగూకేసరికి ఇంటినిండా జనం. కొందరైతే అప్పుడే ఏడుపు మొదలుపెట్టారు. రామస్వామి తలాపున కూర్చొని, "అర్థం తెల్సుకొని పోవుడు గూడ అదృష్టమే," అన్నాడు.

రేణుకమ్మకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఆ గొంతు మీద మండింది.

"పెండ్లయిన కాంచి నేనే ఆయన పేరు నోట్లకెల్లి తియ్యలె. పిల్లల బాపు అనే అంటి. అదెవతి... నా మొగన్ని ఎర్రే అననీకి?"

మూలనున్న చీపురు తీసుకొని బయటికి నడిచింది. అందరూ చూస్తూ కూర్చున్నారు. ఒక్క మగాడూ వెంట రాలేదు.

తూము దగ్గర నీళ్ల చప్పుడు... అంతే. కొట్టం నల్లగా నిలబడి ఉంది. రేణుకమ్మ దాని ముందుకు పోయి నిలబడింది. ఏ పాటా లేదు. చాలాసేపు చూసింది. గాలి కూడా లేదు. మొగోళ్లకే పలుకుతదేమో, అనుకొని ఆమె గొంతు లావు చేసి మొగుడి పాట అందుకుంది.

"మేలు... కో... దేవా..."

వెంటనే — లోపలినుంచి —

"యేరే... యేరే... ఊస... చావూ..."

పారిపోదామనిపించిందని ఆమే నాతో ఒప్పుకుంది. అయినా వెనక్కి తిరగలేదు. కూలిన గోడ దాటి లోపలికి దూకింది.

"ఎవతివే!"

లోపల కెవ్వున కేక. రేణుకమ్మా కెవ్వుమంది. కేకలు ఆగాక చూస్తే — మూడు రాళ్ల పొయ్యిలో నిప్పులు. వాటి వెలుగులో, గోచి పోసి చీర కట్టిన ఒక పడుచు పిల్ల, చంకలో పసివాడు. వాడు మాత్రం దేన్నీ పట్టించుకోకుండా నోట్లో ఏదో కొరుకుతున్నాడు.

"బయట దయ్యం... మొగ దయ్యం ఉన్నది, అవ్వా!" అంది ఆ పిల్ల, వచ్చీరాని తెలుగులో.

"దయ్యం నువ్వు గాదా?"

ఆ పిల్ల పేరు గంగుబాయి. చెరకు కోతలకు మహారాష్ట్ర వైపు నుంచి వచ్చిన కూలీ మనిషి. పిల్లవాడికి దగ్గు. ఆకుల గుడిసెలో చలికి ఆగలేక, గోడలున్న చోటని చీకటి పడితే ఇక్కడ చేరుతోంది. మొగుడు బండ్లకు చెరకు ఎత్తి వచ్చేదాకా ఇద్దరే ఉంటారు. భయపడి ఎవరూ అటు పోరు కనుక ఊళ్లో ఎవరికీ తెలియదు.

"రోజు రాత్రి దయ్యం వస్తది," గుసగుసగా చెప్పింది. "మేలో దేవా, మేలో... అని ఏడుస్తది."

"మేలో అంటె?"

"మా మరాఠీల... సచ్చిపోయిన అని. దేవుడా, నేను సచ్చిపోయిన అంటది. మా మేస్త్రీ చెప్పిండు, చక్రం కింద పడ్డ బండోడు తోడు కోసం తిరుగుతుండు అని. పోరడు జడుసుకుంటడు... గందుకే గది ఇనరాకుండ నేను జోరుగ పాడ్త."

అక్కడా ఒక రామస్వామి ఉన్నాడన్నమాట! పాట వినిపిస్తే చాలు, శవాన్ని వెతికి పెట్టేవాళ్లు ఏ భాషలోనైనా దొరుకుతారు.

"ఏం పాడ్తవే నువ్వు?"

గంగుబాయి పిల్లవాణ్ణి కింద దించి, దూరం జరిగి, చెయ్యి ఊపింది. "యే రే... యే రే..." వాడు తప్పటడుగులు వేస్తూ వచ్చాడు. వాడి చేతిలోని చెరకు ముక్క చూపించింది. "ఊస." తర్వాత ఆ ముక్కను పండ్ల మధ్య పెట్టుకొని కసుక్కున కొరికింది.

"చావూ."

రారా, రారా, చెరకు నములుదాం. అదీ పాట.

రేణుకమ్మ నేల మీద చతికిలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. ఇన్ని రాత్రులు ముక్కు కింద చెయ్యి పెట్టి చూసుకున్న ఏడుపంతా అప్పుడే వచ్చింది. గంగుబాయి ఏమీ అర్థం కాక ఒక చెరకు గడ తీసి ఆమె చేతిలో పెట్టింది.

ఇంటికి పరుగున వచ్చింది. కొప్పు ఊడిపోయింది. ఒక చేతిలో చీపురు, ఒక చేతిలో చెరకు గడ. సంతోషంలో ఒళ్లు మరిచిపోయి గడపలోంచే అరిచింది.

"ఎర్రన్నా! లే! ఊస చావూ!"

ఏడ్చేవాళ్లు గోడకు జరిగారు.

గొంగడి మెల్లగా జరిగింది. ఎర్రన్న చూశాడు. గడపలో... చీకట్లో... జుట్టు విరబోసుకొని, నవ్వుతూ, ఎన్నడూ పలకని తన పేరు పిలుస్తున్న పెండ్లాం.

"వచ్చిందిరో!"

ఇన్నాళ్లూ కూర్చోలేని మనిషి వెనక తలుపులోంచి దూకి పరుగెత్తాడు. ఆయనకన్నా ముందు రామస్వామి పరుగెత్తాడు. ఎర్రన్న రాజమల్లు ఇంట్లో తలుపేసుకొని, ఆకలి తట్టుకోలేక వాళ్ల కుండలో బువ్వంతా ఊడ్చి తిన్నాడు.

తెల్లారి రేణుకమ్మ ఆయన్ను రెక్క పట్టి కొట్టానికి లాక్కుపోయి, గంగుబాయినీ పిల్లవాణ్ణీ చూపించింది. ఊరంతా నవ్వింది. రామస్వామి ఒక్కడే నవ్వలేదు. వారం తిరక్కుండా మందిరంలో కొత్త అర్థం చెప్పాడు: చెరకు అంటే సంసారం, మేలుకొనుడు అంటే చచ్చుడే, రెండు భాషలూ ఒకటే చెప్తున్నాయి! జనం తలలూపారు. మన జనం అంతే.

ఎర్రన్న చాలా ఏండ్లు బతికాడు. కానీ ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. దయ్యాలకు పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా. రాత్రి పెండ్లాం బువ్వ పెడితే, ముందు ఆమె పాదాలు చూసేవాడు. కొట్టంలోకి పోయింది నా పెండ్లామే, తిరిగొచ్చిందెవరో ఎవరికి ఎరుక, నా పెండ్లాం నా పేరు పిలవదు, అనేవాడు. ఆమె రెండు కాళ్లూ ముందుకు చాపి, "సూస్కో. అయిందా? ఇగ తిను," అనేది.

ఆ మాట విని నేను కడుపు పట్టుకొని నవ్వాను. అంత పిరికివాడు ఉంటాడా అత్తా, అన్నాను. అప్పుడే కరెంటు పోయింది. ఆమె దీపం తేవడానికి లేచింది. అడుగుల చప్పుడు నా పక్క నుంచి పోయి... ఆగింది.

"నవ్వినవు గని బిడ్డా," అంది చీకట్లోంచి, మెల్లగా. "నువ్వు గూడ కిందికే సూస్తున్నవ్."